సారథ్యం సరే, బాధ్యత ఎవరిది?

టెక్నాలజీ కంపెనీలు డ్రైవరు లేకుండా నడిచే కార్ల తయారీలోకి దిగడం తగునా అన్న ప్రశ్నకు గత పదేళ్లలో అవునని ఒకసారి, కాదని ఒకసారి సమాధానం వస్తూనే ఉంది. గూగుల్ 2014లో స్టీరింగు, పెడళ్లు లేని బుల్లి కారును చూపించినప్పుడు ఇక కార్ల కంపెనీల పని అయిపోయిందన్న మాట వినిపించింది. ఆపిల్ 2024లో తన పదేళ్ల ప్రయత్నాన్ని అటకెక్కించినప్పుడు ఎవరి పని వారు చేసుకోవడమే మేలన్న మాట అంతే గట్టిగా వినిపించింది. ఈ ఊగిసలాట ఆగకపోవడానికి కారణం ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులు కలగలిసి ఉండడమే. రేకును వంచి, చక్రాలు బిగించి, ఎండకూ వానకూ పదిహేనేళ్లు తట్టుకునే బండిని లక్షల సంఖ్యలో తయారు చేసి, దానికి విడిభాగాలు, మరమ్మతు ఏర్పాట్లు సమకూర్చడం ఒక పని. ఎదుట ఉన్న రోడ్డును చూసి, చుట్టుపక్కల వారు ఏం చేయబోతున్నారో ఊహించి, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు కదలాలో నిర్ణయించే సారథిని యంత్రరూపంలో తయారు చేయడం మరొక పని. మొదటిది కార్ల కంపెనీలకు నూరేళ్లుగా అలవాటైన పని. రెండోది వాటికి మొన్న మొన్నటి వరకు అవసరం పడని పని, ఎందుకంటే కారు కొనుక్కున్నవాడో, అతను జీతమిచ్చి పెట్టుకున్నవాడో సారథి అయ్యేవాడు. టెక్నాలజీ కంపెనీలకు రెండో పనిలో న్యాయమైన చోటుందనీ, మొదటి పని వాటిలో చాలావాటికి తలకు మించిన భారమనీ ఇప్పటివరకు జరిగిన చరిత్ర చెబుతోంది. అయితే సారథ్యానికి దిగినవారు సారథికి చట్టం విధించే బాధ్యతను కూడా తలకెత్తుకోవాలి, ఆ బాధ్యత దగ్గరే వ్యవహారం ఇప్పటికీ తెమలకుండా ఉంది.

విద్యాలయాల్లో పుట్టిన విద్య

ఈ విద్యకు అమెరికాలో పుట్టినిల్లు విశ్వవిద్యాలయాలు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినప్పుడు దానికి వ్యవస్థాపక డైరెక్టరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి. ఆ సంస్థలో 1980ల మధ్య నుంచి నావ్‌ల్యాబ్ పేరుతో వరుసగా కంప్యూటర్లు అమర్చిన బండ్లు తయారయ్యాయి. వాటిలో ఐదోది 1995లో పిట్స్‌బర్గ్ నుంచి పశ్చిమ తీరంలోని శాన్‌డియాగో దాకా సుమారు 4,580 కిలోమీటర్ల ప్రయాణంలో 98 శాతం దూరం స్టీరింగును తానే తిప్పుకుంది, బ్రేకు, యాక్సిలరేటర్ మాత్రం లోపల కూర్చున్న పరిశోధకుల చేతిలో ఉన్నాయి. తర్వాతి మలుపు అమెరికా రక్షణ శాఖకు చెందిన డార్పా అనే పరిశోధన సంస్థ పెట్టిన పందేలతో వచ్చింది. 2004 మార్చిలో మొహావీ ఎడారిలో జరిగిన మొదటి పందెంలో ఒక్క బండీ గమ్యం చేరలేదు, అన్నిటికన్నా ముందుకు వెళ్లినది కూడా 12 కిలోమీటర్ల లోపే చతికిలబడింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2005 అక్టోబరులో, ఐదు బండ్లు సుమారు 212 కిలోమీటర్ల దారిని పూర్తి చేయగా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి ‘స్టాన్లీ’ 20 లక్షల డాలర్ల బహుమతి గెలుచుకుంది. 2007లో వీధులు, కూడళ్లు, ఇతర వాహనాలు ఉన్న చోట జరిగిన పందెంలో కార్నెగీ మెలన్ వారి ‘బాస్’ నెగ్గింది. స్టాన్లీ అసలు ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ టూరెగ్ కారు, బాస్ జనరల్ మోటర్స్ వారి షెవర్లె టాహో. అంటే బండి ఒకరిది, సారథి మరొకరిది అన్న విభజన ఆనాడే ఏర్పడి ఉంది. గూగుల్ 2009లో ఈ రంగంలో అడుగుపెట్టినప్పుడు స్టాన్‌ఫర్డ్ జట్టుకు నాయకత్వం వహించిన సెబాస్టియన్ త్రన్‌నూ, కార్నెగీ మెలన్ జట్టులోని క్రిస్ అర్మ్‌సన్‌నూ చేర్చుకుని, విద్యాలయాల్లో పండిన విద్యకు తన డబ్బును, ఓపికను జోడించింది.

ఆ సారథి పనిచేసే తీరును కొంత వివరించుకోవాలి. రంగులనూ సిగ్నళ్లనూ గుర్తుపట్టడానికి కెమెరాలు, వేగాన్ని కొలవడానికి రేడియో తరంగాలతో పనిచేసే రాడార్లు, లేజర్ కిరణాలను నలుదిశలా విసిరి అవి తిరిగివచ్చే సమయాన్ని బట్టి ప్రతి వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్కగట్టే లైడార్లు దానికి కళ్లు. వీటి నుంచి వచ్చే సమాచారాన్ని కలిపి ఎదుట ఉన్నది మనిషా, సైకిలా, చెత్తడబ్బానా అని తేల్చుకోవడం మొదటి మెట్టు. అది మరుక్షణంలో ఎటు కదులుతుందో అంచనా వేయడం రెండో మెట్టు. దాన్ని బట్టి తన దారిని నిర్ణయించుకోవడం మూడోది. అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 2014లో ప్రకటించిన కొలమానం ఈ సామర్థ్యాన్ని సున్నా నుంచి ఐదు దాకా అంచెలుగా విభజిస్తుంది. రెండో అంచెలో కారు తన వరుసలో తాను నడుస్తూ ముందున్న బండికి తగ్గట్టు వేగం మార్చుకున్నా, మనిషి చూపు రోడ్డు మీదే ఉండాలి. మూడో అంచెలో కొన్ని పరిస్థితుల్లో చూపు తిప్పుకోవచ్చు గానీ, యంత్రం పిలిచినప్పుడు అందుకోవాలి. నాలుగో అంచెలో నిర్ణీత ప్రాంతం, నిర్ణీత వాతావరణం పరిధిలో మనిషి అక్కరే లేదు. ఎక్కడైనా ఎప్పుడైనా నడవగల ఐదో అంచె కారును ఇంతవరకు ఎవరూ రోడ్డెక్కించలేదు. రెండుకూ నాలుగుకూ మధ్య తేడా పైకి సాంకేతికమైనదే అయినా, ప్రమాదం జరిగిన నాడు అది ఎవరి మీద కేసు పెట్టాలన్న తేడాగా మారుతుంది.

బండిని వదులుకున్నవారు, బండికి పట్టుబడినవారు

గూగుల్ 2014లో చూపించిన బుల్లి కారుకు ఫైర్‌ఫ్లై అని పేరు. గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగంతో నడిచే ఆ బండిలో 2015లో ఆస్టిన్ నగర వీధుల్లో చూపులేని వ్యక్తి ఒకరు తోడెవరూ లేకుండా ప్రయాణించారు కూడా. అంతటి ఘనత సాధించిన బండిని సంస్థ 2017లోనే పక్కన పెట్టేసి, క్రైస్లర్ వారి పసిఫికా వ్యాన్లు, ఆ తర్వాత జాగ్వార్ విద్యుత్ కార్లు కొని వాటిలో తన సారథిని కూర్చోబెట్టే పద్ధతికి మారింది. అప్పటికి ఈ విభాగం వేమో పేరుతో వేరు సంస్థ అయింది. దాని పగ్గాలు పట్టిన జాన్ క్రాఫ్చిక్ అంతకుముందు హ్యుందాయ్ అమెరికా విభాగానికి అధిపతి. కార్లు తయారు చేయడంలో ఎంత చాకిరీ ఉందో ఎరిగిన మనిషే తమది కార్ల కంపెనీ కాదని పదే పదే చెప్పడం గమనించదగినది. వేమో 2018 డిసెంబరులో ఫీనిక్స్ నగరంలో కిరాయి సర్వీసు ప్రారంభించి, 2020 అక్టోబరులో ముందు సీట్లో మనిషి లేకుండానే అక్కడి ప్రజలకు అందుబాటులోకి తెచ్చి, 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ లాస్ ఏంజెలిస్‌లోనూ తలుపులు తెరిచి, 2025 ఏప్రిల్ నాటికి వారానికి రెండున్నర లక్షల సవారీలు నడిపింది.

ఆపిల్ కథ దీనికి ఎదురుదారిన నడిచింది. 2014లో టైటాన్ అనే గుప్తనామంతో మొదలైన ఆ ప్రయత్నంలో సంస్థ బండినీ సారథినీ కూడా తానే చేయాలనుకుంది. కొన్నాళ్లకు బండిని వదిలి సాఫ్ట్‌వేర్ చాలనుకుంది. మళ్లీ బండి వైపు తిరిగింది. నాయకులు మారిన ప్రతిసారీ లక్ష్యమూ మారింది. 2021 మొదట్లో హ్యుందాయ్‌తో తయారీ చర్చలు జరుగుతున్నాయన్న వార్త బయటికి పొక్కగానే అవి ముగిసిపోయాయి. 2024 ఫిబ్రవరిలో పథకాన్ని మూసివేసేనాటికి దానిలో సుమారు 2,000 మంది పనిచేస్తుండగా, ఖర్చు 1,000 కోట్ల డాలర్లు దాటిందని అమెరికా పత్రికలు రాశాయి. ఫోన్లను స్వయంగా గీసి, తయారీని ఇతరుల ఫ్యాక్టరీలకు అప్పగించి, భారీ లాభం ఉంచుకునే వ్యాపారానికి అలవాటుపడిన కంపెనీకి, పేరున్న ఏ కార్ల సంస్థా ఒప్పంద కూలీగా మారడానికి సిద్ధపడకపోవడం అర్థం కాని విషయమైతే, అది కార్ల పరిశ్రమ గురించి ఆ కంపెనీకి తెలిసినదెంతో చెబుతుంది.

షావ్మీ మాత్రం ఈ వాదానికి లొంగని ఉదాహరణ. ఫోన్లతో పేరు తెచ్చుకున్న ఆ చైనా కంపెనీ 2021 మార్చిలో పదేళ్లలో 1,000 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించి, సరిగ్గా మూడేళ్లకు బీజింగ్ ఫ్యాక్టరీ నుంచి ఎస్‌యూ7 అనే విద్యుత్ కారును విడుదల చేసి, మొదటి ఏడాదే 1.35 లక్షలకు పైగా కార్లు కొనుగోలుదారులకు అందించింది. బ్యాటరీలు, మోటార్లు, విడిభాగాలు చేసేవారు చుట్టుపక్కలే ఉన్న దేశంలో కార్ల తయారీ కూడా ఎలక్ట్రానిక్స్ తయారీకి దగ్గరయిందనడానికి అది సాక్ష్యం. కానీ ఆ కంపెనీ చిక్కుల్లో పడింది బండి దగ్గర కాదు, సారథి దగ్గర. 2025 మార్చి 29 రాత్రి అన్‌హ్వే రాష్ట్రంలోని ఎక్స్‌ప్రెస్‌వే మీద, సహాయక చోదన వ్యవస్థతో గంటకు 116 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న ఎస్‌యూ7, మరమ్మతుల కోసం దారి మళ్లించిన చోట హెచ్చరిక మోగించింది. మనిషి స్టీరింగు అందుకున్న కొద్ది క్షణాలకే కాంక్రీటు గోడను ఢీకొని కారు కాలిపోగా, ముగ్గురు విద్యార్థినులు మరణించారు. మరుసటి నెలలోనే చైనా ప్రభుత్వం ఇలాంటి వ్యవస్థలకు స్వయంచాలకమని అర్థం వచ్చే పేర్లు పెట్టి ప్రచారం చేయడాన్ని కట్టడి చేసింది.

ఐదున్నర క్షణాలు

సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు ఒక అలవాటుంది. సరుకును సగం వండగానే జనం చేతిలో పెట్టి, వారు వాడుతుండగా బయటపడే లోపాలను తర్వాత సరిదిద్దుకుంటుంది. ఫోను ఆగిపోతే మళ్లీ వెలిగించుకోవచ్చు గనుక అక్కడ అది చెల్లింది. రోడ్డు మీద ఆ అలవాటు ఏం చేస్తుందో 2018 మార్చి 18 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని టెంపీ నగరంలో తేలింది. సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఊబర్ పరీక్షా వాహనం ఢీకొనగా ఆమె మరణించింది. స్వయంచాలక కారు తాకిడికి పాదచారి మరణించడం అదే మొదటిసారి.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు ఆ చివరి క్షణాలను విడదీసి రాసిన నివేదిక ఈ రంగంలో ఎవరైనా తప్పక చదవవలసిన పత్రం. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే యంత్రం ఆమెను పసిగట్టింది. అయితే ఒకసారి వాహనమని, ఒకసారి తెలియని వస్తువని, ఒకసారి సైకిలని మార్చి మార్చి అనుకుంది, అనుకున్న ప్రతిసారీ అప్పటివరకు ఆమె కదిలిన తీరును లెక్కలోంచి తీసివేసి కొత్తగా మొదలుపెట్టింది, అందువల్ల ఆమె రోడ్డుకు అడ్డంగా వస్తోందన్న సంగతి దానికి ఎప్పటికీ తెలియలేదు. జీబ్రా గీతలు లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహకు ఆ సాఫ్ట్‌వేర్‌లో తావే లేదు. ఢీకొనడం ఖాయమని 1.2 సెకన్ల ముందు గ్రహించాక కూడా, పొరపాటు హెచ్చరికలకు బండి ఊరికే కుదుపులకు లోనవకుండా పెట్టుకున్న ఏర్పాటు వల్ల మరో సెకను వృథా అయింది. ఆ వోల్వో కారుకు ఫ్యాక్టరీలోనే అమర్చిన అత్యవసర బ్రేకు ఉంది గానీ, ఊబర్ కంప్యూటరు నడుపుతున్నప్పుడు అది పనిచేయకుండా చేశారు. లోపల మొదట్లో ఇద్దరు పర్యవేక్షకులు ఉండేవారు, కొన్ని నెలల ముందు ఆ సంఖ్యను ఒకరికి తగ్గించారు. ఆ ఒకరు ఫోనులో కార్యక్రమం చూస్తున్నారు. చివరకు కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదని ప్రాసిక్యూటర్లు తేల్చగా, ఆ పర్యవేక్షకురాలు 2023లో నేరం ఒప్పుకుని మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష పొందింది. ఊబర్ 2020లో ఆ విభాగాన్ని మరో సంస్థకు అప్పగించి చేతులు దులుపుకుంది. సారథిని తయారు చేసినవారు బయటపడి, దాన్ని కనిపెట్టుకుని ఉండమని జీతమిచ్చి కూర్చోబెట్టిన మనిషి నేరస్థురాలైన ఈ పర్యవసానం ఆ ప్రమాదం కన్నా తక్కువ కలవరపరిచేది కాదు.

కార్ల కంపెనీ వెనకుంటే ఇలా జరగదన్న భరోసా కూడా లేదు. జనరల్ మోటర్స్ 2016లో కొన్న క్రూజ్ సంస్థ బండి 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో, మరో కారు ఢీకొట్టడంతో తన ముందు పడిన పాదచారిని తాకి ఆగింది; అంతవరకు దానిని పెద్దగా తప్పుపట్టలేం. ఆ తర్వాత పక్కకు తీసి నిలపాలన్న నియమం ప్రకారం మళ్లీ కదిలి, బండి కింద ఉన్న ఆమెను సుమారు ఆరు మీటర్లు ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయిన సంగతి అధికారులకు ఇచ్చిన తొలి నివేదికలో లేదు. కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ అదే నెలలో అనుమతి నిలిపివేసింది, 2024 నవంబరులో తప్పుడు నివేదిక ఇచ్చినట్టు ఒప్పుకుని క్రూజ్ 5 లక్షల డాలర్ల జరిమానాకు తలవంచింది, డిసెంబరులో జనరల్ మోటర్స్ 1,000 కోట్ల డాలర్లకు పైగా మింగిన కిరాయి కార్ల పథకానికి డబ్బు ఆపేసింది. దాన్ని కూల్చింది సాంకేతిక లోపం కన్నా దాపరికమే అనడం సబబు.

ఈ సారథి మనిషి కన్నా మెరుగా అన్న ప్రశ్నకు ఇప్పుడు కొంత ఆధారం ఉంది. దాదాపు 9 కోట్ల కిలోమీటర్ల ప్రయాణాలను పరిశీలించి వేమో పరిశోధకులు 2025లో ప్రచురించిన పత్రం ప్రకారం, అవే నగరాల్లో మనుషులు నడిపే వాహనాలతో పోలిస్తే పాదచారులు గాయపడిన ఘటనలు 92 శాతం తక్కువ. పరిశోధించినవారు కంపెనీ ఉద్యోగులే అయినా, సంఖ్యలు బహిరంగంగా ఉన్నాయి, పరిశీలించవచ్చు. మరణాల సంగతి వేరు: అమెరికాలో మరణాలు కోట్ల కిలోమీటర్లకు ఒకటి చొప్పున జరుగుతాయి గనుక, ఆ విషయంలో యంత్రం మనిషికి తీసిపోదని నిరూపించాలంటే ఒక్క మరణమూ లేకుండా 44 కోట్ల కిలోమీటర్లు నడపాలని రాండ్ పరిశోధన సంస్థ 2016లోనే లెక్కగట్టింది. అదీగాక, యంత్రం చేసే తప్పులకు మనిషి చేసే తప్పుల పోలిక ఉండదు. 2025 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోయినప్పుడు వేమో కార్లు ఎక్కడికక్కడ నిలిచిపోయి రోడ్లకు అడ్డం పడ్డాయి. మనిషి డ్రైవర్లు ఒకరికొకరు సైగలు చేసుకుని ఏదో విధంగా గట్టెక్కుతారు. ఒకే సారథి వందల బండ్లలో ఉన్నప్పుడు అది తడబడితే వందల బండ్లూ ఒక్కసారే తడబడతాయి.

అసలు పరీక్ష బాధ్యత దగ్గర. మెర్సిడెస్ బెంజ్ జర్మనీలో మూడో అంచె వ్యవస్థను గంటకు 60 కిలోమీటర్ల వేగానికి పరిమితం చేస్తూ తెచ్చినప్పుడు, అది నడుపుతున్నంతసేపు జరిగే తప్పుకు తామే బాధ్యులమని చెప్పింది. బ్రిటన్ 2024లో చేసిన స్వయంచాలక వాహనాల చట్టం లోపల కూర్చున్నవారిని నడిపిన తీరుకు సంబంధించిన నేరాల నుంచి తప్పించి, ఆ జవాబుదారీని అనుమతి పొందిన సంస్థ మీద పెట్టింది. టెస్లా దారి ఇన్నేళ్లూ వేరు: పేరులో సంపూర్ణ స్వయంచాలకత, షరతుల్లో మాత్రం మనిషే బాధ్యుడు. 2019 నాటి ప్రమాదం కేసులో మయామీలోని జ్యూరీ 2025 ఆగస్టులో ఆ కంపెనీకి మూడో వంతు బాధ్యత అంటగట్టి సుమారు 24 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చడంతో ఆ వెసులుబాటుకు తొలి గట్టి దెబ్బ తగిలింది. సారథినని అమ్ముకుంటూ సహాయకుడినని తప్పించుకునే కంపెనీని, అది టెక్నాలజీ కంపెనీ అయినా కార్ల కంపెనీ అయినా, ఈ రంగంలోకి రానివ్వకపోవడమే మేలు.

మన రోడ్ల లెక్క

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి; వారిలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే 44 శాతానికి పైగా. ఇంత ఘోరం ఉన్న చోట యంత్ర సారథి అవసరం ఎక్కువేనన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ, మరణిస్తున్నవారిలో అత్యధికులు ఆ సారథి కూర్చునే కార్లలో లేరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ శివార్లలోనూ కారుకు కెమెరా అమర్చి తిరిగి సేకరించిన భారతీయ చోదన చిత్రసంచయం ఇక్కడి కష్టాన్ని దగ్గరి నుంచి చూపిస్తుంది. పదివేలకు పైగా చిత్రాల్లో ప్రతి బిందువునూ అది దేనికి చెందినదో గుర్తించి 34 తరగతులుగా విడదీశారు. జర్మనీ నగరాల చిత్రాలతో తయారైన అలాంటి సంచయంలో ఆటోకు తరగతే లేదు. ఇక్కడ ఆటో ఉంది, పశువులు ఉన్నాయి. అన్నిటికన్నా ఆసక్తికరమైనది రోడ్డు అంచు సంగతి: తారు ఆగిపోయి మట్టి మొదలయ్యే చోట బండి అవసరమైతే దిగవచ్చు, దిగుతుంది కూడా, అందుకని అది రోడ్డు కాకపోయినా తప్పనప్పుడు నడపదగిన చోటుగా వేరే తరగతి చేయవలసి వచ్చింది. ఎదురు బస్సుకు దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలు మట్టిలోకి దించే పల్లె రోడ్డు డ్రైవరుకు ఇది చెప్పనక్కరలేని సంగతి. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీలో టిహాన్ పేరుతో ఏర్పడిన పరిశోధన కేంద్రం 2022లో ప్రారంభించిన పరీక్షా ప్రాంగణంలో ఇలాంటి పరిస్థితులనే కృత్రిమంగా కల్పించి చూస్తున్నారు, 2025లో క్యాంపస్ లోపల డ్రైవరు లేని బస్సులనూ నడిపారు.

కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ మాత్రం ఉపాధి పోతుందన్న కారణంతో డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని 2017లోనూ 2023లోనూ చెప్పారు. ఆ భయం నిజమైనదే అయినా, అభ్యంతరానికి అంతకన్నా గట్టి ఆధారం చట్టంలోనే దొరుకుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 2బి సెక్షన్ కింద పరిశోధన, ఆవిష్కరణల కోసం కొన్ని రకాల వాహనాలను నిబంధనల నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది గనుక, పరీక్షలకు దారి మూసుకుపోలేదు. ప్రమాదం జరిగితే పరిహారానికీ చిక్కు లేదు, బండి యజమానీ బీమా కంపెనీ ఉన్నారు. చిక్కంతా భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దగ్గర వస్తుంది: నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన వ్యక్తికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష విధించే ఆ సెక్షన్ కింద ఠాణాలో నిలబెట్టవలసినది ఎవరిని? వెనక సీట్లో కూర్చున్న ప్రయాణికుడినా, వేల మైళ్ల దూరంలో ఆ వారం సాఫ్ట్‌వేర్‌ను సవరించిన ఇంజనీరునా, దాన్ని రోడ్డెక్కించడానికి సంతకం పెట్టిన అధికారినా? 2బి కింద మినహాయింపు కోరి వచ్చే ఏ కంపెనీ అయినా, ఫలానా అధికారి జవాబుదారీ అని పేరుతో సహా ముందే రాసి ఇవ్వాలన్న షరతు పెట్టడానికి కొత్త చట్టం కోసం ఆగనక్కరలేదు, ఎందుకంటే షరతులు విధించే అధికారాన్ని ఆ సెక్షనే ప్రభుత్వానికి ఇచ్చింది.